నల్ల ప్లాస్టిక్‌కు సిరామిక్ కోటింగ్: రెండున్నరేళ్ల తర్వాత నా కారు సంగతి

మా ఇల్లు తిరుపతిలో కొర్లగుంట వైపు. కారుకు షెడ్డు లేదు, ప్రహరీ పక్కన వీధిలోనే ఉంటుంది, మధ్యాహ్నం నుంచి ఎండంతా దాని మీదే. కొన్న నాలుగేళ్లకే బంపర్ కింది భాగం, చక్రాల పైన ఉండే నల్ల ప్లాస్టిక్, వైపర్ల కింద పలక అన్నీ వెలిసిపోయి విభూది పూసుకున్నట్టు తయారయ్యాయి. పెయింట్ మాత్రం మెరుస్తూనే ఉంది, దాని పక్కన ఈ ప్లాస్టిక్ ఇంకా ముసలిగా కనబడేది. కొబ్బరినూనె రాశాను (నవ్వకండి, ఒక్కసారైనా రాయనివాళ్లు ఎవరు?), డ్యాష్‌బోర్డ్ పాలిష్ రాశాను, ఒక వాన పడితే మళ్లీ మామూలే. హీట్ గన్ తెచ్చి వేడి కూడా పెట్టాను. నల్లబడింది నిజమే, కానీ రెండు నెలలకు మళ్లీ తెల్లబడింది, పైగా ఒక మూల ప్లాస్టిక్ మీది గరుకు కరిగి నున్నగా అయిపోయింది. అది ఇప్పటికీ అట్లే ఉంది.

చివరికి 2023 జనవరిలో సిరామిక్ కోటింగ్ కొన్నాను, పూస్తే పైన పలచటి గట్టి పొరగా ఆరే ద్రవం అది. నల్ల ప్లాస్టిక్ కోసమే అమ్మే 30 మి.లీ. సీసా, ₹1,250. బ్రాండ్ పేరు చెప్పను, ఇవన్నీ దాదాపు ఒకే జాతి, తేడా అంతా పూసే చేతిలో ఉంది. సీసా మీద 9హెచ్ అని పెద్దక్షరాలు చూసి మురిసిపోకండి. అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో వచ్చే కొలత, అంతే. గేటుకు రాసుకుంటే గీత పడుతుంది, నాకు పడింది కూడా.

ముందు అసలు ఆ తెలుపు ఏందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. బంపర్ లోపలి వైపు టార్చ్ వేసి చూస్తే పీపీ, ఈపీడీఎం, టీడీ లాంటి అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. పాలీప్రొపిలీన్‌లో రబ్బరు, టాల్క్ పొడి కలిపారని అర్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైన ప్లాస్టిక్ చితికిపోయి, లోపలి పొడి పైకి తేలుతుంది. కాబట్టి చితికిన ప్లాస్టిక్‌ను కోటింగ్ మళ్లీ కొత్తది చేయలేదు. ఆ సన్న గుంతల్లో నిండి రంగు ముదురుగా కనబడేట్టు చేస్తుంది, ఉన్నది ఇంకా పాడవకుండా కొంతకాలం కాపు కాస్తుంది. బాగా తెల్లబడ్డాక పూస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది, నా వైపర్ పలక మీద అదే జరిగింది.

మా ఊళ్లో ఈ పనికి సంక్రాంతి దినాలే సరి. నవంబర్, డిసెంబర్‌లో వాన నమ్మడానికి లేదు, మార్చి దాటితే ప్లాస్టిక్ పెనంలా కాలుతుంది, మందు పూసీపూయకముందే గట్టిపడి తుడవనివ్వదు. భోగి రోజు మాత్రం వద్దు, వీధంతా మసి. నేను పశువుల పండగ రోజు మొదలుపెట్టాను, "ఏం నా, ఆవుల్ని కడిగినట్టు కడగతాండావే" అని ఎదురింటి పిల్లోడు ఒకటే నవ్వు.

కడగడమే అసలు పని. షాంపూ చాలదు, పాత పాలిష్‌ల జిడ్డు ఆ గరుకులో కూర్చుని ఉంటుంది. జిడ్డు తీసే క్లీనర్ కొట్టి, బట్టలుతికే బ్రష్‌తో రుద్దితే గోధుమరంగు నురుగు వచ్చింది, అది తెల్లగా వచ్చేదాకా మూడుసార్లు రుద్దాను. నీళ్లు పోసినప్పుడు పూసల్లా నిలబడితే ఇంకా జిడ్డు ఉన్నట్టే, పలచగా పరుచుకుంటే పోయినట్టు. ఆరాక ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెయింట్ అంచులకు మాస్కింగ్ టేప్ వేశాను. దీనికే పొద్దున పోయింది. పూయడానికి గంటన్నర కూడా పట్టలేదు, రెండు కోట్లకు సగం సీసా చాలింది.

అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పూసి, రెండు మూడు నిమిషాల్లో మైక్రోఫైబర్ గుడ్డతో మిగిలింది తుడిచేయాలి. ఎడమ వెనక చక్రం దగ్గర పూస్తుండగా మా మామగారు ఫోన్ చేశారు, పెళ్లి సంబంధం మాట, మధ్యలో పెట్టేయలేం కదా. ఇరవై నిమిషాలకు వచ్చి చూస్తే బొటనవేలంత వెడల్పు చార, తారు రాసినట్టు గట్టిపడి కూర్చుంది. దాని మీదే మళ్లీ కొంచెం మందు వేసి వెంటనే తుడిస్తే సగం వదిలింది. మిగతా సగం ఇవాళ్టికీ ఉంది, సాయంత్రం ఏటవాలు వెలుగులో బాగా కనబడుతుంది. సంబంధం కూడా కుదరలేదు.

ఒక రోజంతా తడి తగలనివ్వలేదు, వారం దాకా షాంపూ ముట్టలేదు. ఆ తర్వాత మొదటి ఏడాది మాత్రం సంతోషమే. కొండ మీద మంచులో నిలిపితే బంపర్ మీద నీటి పూసలు, బురద ఒక్క మగ్గు నీళ్లకు జారిపోయేది. పధ్నాలుగు నెలలకు పూసలు తగ్గాయి, రంగు మాత్రం నిలబడింది. ఇప్పుడు 2025 జూలైలో చూస్తే తలుపుల కింద పట్టీలు, వెనక బంపర్ నల్లగానే ఉన్నాయి, అద్దాల మొదళ్లు కాస్త వెలిశాయి. వైపర్ పలక ఏడాదికే పోయింది, పైన ఎండ, కింద ఇంజన్ వేడి, దాన్ని తప్పు పట్టలేను.

దీనికి పెద్ద శత్రువు ఎండ కంటే వాటర్ సర్వీసే. నేను పోయే చోట కడిగాక ప్రేమగా టైర్ పాలిష్ తెచ్చి ప్లాస్టిక్ అంతటికీ కొట్టారు, దాని మీద దుమ్ము అతుక్కుని కోటింగ్ ఉందో లేదో తెలియని పరిస్థితి. ఇంకోసారి అడుగున డీజిల్ కొడుతూ పక్కలకూ కొట్టేశారు. ఇప్పుడు దిగీదిగగానే "పాలిష్ వద్దు, డీజిల్ వద్దు" అని చెప్పి అక్కడే నిలబడతాను. ఇంట్లో బోరు నీళ్లతో కడిగితే ఎండలో ఆరనివ్వకండి, ఉప్పు మరకలు పడతాయి. సగం నీళ్లు కలిపిన వెనిగర్‌తో నాకైతే పోయాయి.

మిగిలిన మందు హెడ్‌లైట్లకు వేశాను, పసుపెక్కిన పై పొరను నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) 1000, 2000, 3000 నంబర్లు వరుసగా రుద్ది. ఎనిమిది నెలలకు మళ్లీ మసక. కంపెనీలో వేసిన రక్షణ పొరను మనమే గీకేశాం కాబట్టి ఇంతకంటే ఆశపడకూడదు. స్కూటర్ నున్నటి నల్ల ప్లాస్టిక్‌కైతే దండగ, గీతలు ఇంకా బాగా కనబడతాయి.

చెప్పడం మరిచాను, మూత తీసిన సీసాను దాచుకుందామనుకోకండి, గాలిలో తేమకే గట్టిపడే రకం ఇది. అడుగున మిగిలిన కాస్త మందు కోసం ఆరు నెలల తర్వాత తీస్తే మూతి దగ్గర పంచదార పలుకుల్లాంటివి, లోపల జిగురు. వచ్చే సంక్రాంతికి వైపర్ పలక కొత్తదే వేయించి, మొదటి రోజే కోటింగ్ వేద్దామనుకుంటున్నాను. ఆ రోజు ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాను.