“రేపటి యుద్ధరంగ చికిత్స” పేరిట ఆటోనగర్‌లో అమ్ముతున్న గాయాల పొడితో జాగ్రత్త

విజయవాడ ఆటోనగర్‌లోని లేత్ షాపులకు, లారీ బాడీలు కట్టే షెడ్లకు కొంతకాలంగా ఒక ప్రథమ చికిత్స పెట్టెను తిరిగి తిరిగి అమ్ముతున్నారు. సైనికుల కోసం తయారైన భవిష్యత్ వైద్యమనీ, ఎంతటి గాయమైనా క్షణాల్లో మూసుకుంటుందనీ చెప్పి 1,850 రూపాయలు తీసుకుంటున్నారు. కొనాలనుకుంటున్నవారు, ఇప్పటికే కొని గోడకు తగిలించుకున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

అమ్మేవారు ఫోనులో చూపించే వీడియోలోని పరికరం నిజంగానే ఉంది. సిరంజి నుంచి బిళ్లల వంటి చిన్న స్పాంజులు గాయంలోకి దిగి, రక్తాన్ని పీల్చుకుని సెకన్లలో ఉబ్బి, లోపలి నుంచే రక్తనాళాన్ని అదిమిపడతాయి. అమెరికాలో 2014లో సైనిక వినియోగానికి అనుమతి పొందిన ఆ పరికరం, గజ్జల్లోనో చంకలోనో పట్టీ బిగించడానికి వీలుకాని లోతైన గాయాలకు ఉద్దేశించినది. ఒక్క స్పాంజి కూడా ఒంట్లో మిగిలిపోకుండా ప్రతిదానిలోనూ ఎక్స్‌రేలో కనిపించే గుర్తు ఉంటుంది. మన చేతికి వచ్చే పెట్టెలో మాత్రం సిరంజీ లేదు, స్పాంజీ లేదు. వెండి రంగు కవర్లలో బూడిద రంగు పొడి, ఒక దూది చుట్ట, అచ్చుతప్పుల కరపత్రం, అంతే.

మా షెడ్డులో రేకు కత్తిరిస్తుండగా ఒక కుర్రవాడి అరచెయ్యి బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. “గాయాన్ని నొక్కవద్దు, పొడి తన పని తాను చేసుకుంటుంది” అని కరపత్రంలో ఉన్నట్టే పొడి పోశాము. సున్నంలో నీళ్లు పోసినట్టు అది ఒక్కసారిగా వేడెక్కి, కుర్రవాడు కేక పెట్టాడు. పైన పెచ్చు కట్టినట్టు కనిపించినా, దాని అడుగు నుంచి రక్తం మణికట్టు మీదుగా కారుతూనే ఉంది. చివరికి మా మేస్త్రి ఉతికిన తువ్వాలు మడిచి గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తించి ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. ఆసుపత్రి చేరేసరికి రక్తం దాదాపు ఆగింది. కుట్లు వేయడం కంటే, గడ్డకట్టిన పొడిని సెలైన్‌తో కడిగి పటకారుతో ఏరడానికే డాక్టరుగారికి ఎక్కువసేపు పట్టింది. గాయం అంచున లేచిన బొబ్బలు కుట్లు విప్పిన తరువాత కూడా మానలేదు.

ఇందులో భవిష్యత్తు ఏమీ లేదు, ఉన్నదంతా గతమే. రక్తంలోని నీటిని పీల్చి గడ్డకట్టించే జియోలైట్ అనే ఖనిజపు గుళికలను ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల తొలినాళ్లలో అమెరికా సైన్యం వాడింది. నీటిని పీల్చేటప్పుడు పుట్టే వేడికి చర్మం కాలుతున్నదని తెలిసి వాటికి స్వస్తి చెప్పింది. 2008 నుంచి అక్కడ ప్రధానంగా వాడుతున్నది కేయోలిన్ అనే తెల్లమట్టి పట్టించిన గాజుగుడ్డ. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో చేసిన పట్టీలు మన దేశంలోనూ తయారవుతున్నాయి. వీటిలో ఏది వాడినా గాయంలో కూరి కనీసం మూడు నిమిషాలు గట్టిగా అదిమి ఉంచాలనేది నియమం. కాబట్టి “నొక్కవద్దు” అని రాసిన కరపత్రం ఎవరు రాసినా, రక్తస్రావం గురించి తెలిసినవారు మాత్రం రాయలేదు.

పెట్టె కొనేముందు లేబుల్ చూడండి. 2017 నాటి వైద్య పరికరాల నియమావళి ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి లైసెన్సు నంబరు, దిగుమతిదారు చిరునామా కూడా ఉండాలి. మేము కొన్నదాని మీద ఒక కవచం బొమ్మ, “మిలిటరీ గ్రేడ్” అనే ముద్ర తప్ప మరేమీ లేవు. బిల్లు అడిగితే సైనిక సామగ్రికి బిల్లు ఉండదని అమ్మకందారు సెలవిచ్చాడు. తరువాత డబ్బు వాపసు అడిగినప్పుడు, బిల్లు లేనిదే వాపసు కుదరదన్నాడు!

మాలాగే నష్టపోయినవారు ఖాళీ కవరును, మిగిలిన పొడిని పారవేయకుండా ఫోటోలు తీసి, ఫోన్‌పే చెల్లింపు వివరాలతో పాటు భద్రపరచండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు, ఔషధ నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అమ్మినవారు ఏ ఊరివారైనా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము కూడా ఉండదు.