గాల్వెస్టన్ నుంచి కరీబియన్‌కి: హార్మొనీ ఎక్కాలా, జూబిలీ ఎక్కాలా?

టెక్సస్ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చలికాలం సెలవులు దగ్గరపడుతుంటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మయామీ దాకా విమానం టిక్కెట్లు కొనే పని లేకుండా కారులో వెళ్ళి ఓడ ఎక్కేయొచ్చు కాబట్టి చాలామంది హ్యూస్టన్ దగ్గరున్న గాల్వెస్టన్ రేవునే ఎంచుకుంటారు. రాయల్ కరీబియన్ కంపెనీ వారి హార్మొనీ ఆఫ్ ది సీస్, కార్నివాల్ కంపెనీ వారి జూబిలీ, ఈ రెండు విహార నౌకల్లోనూ మేము ఏడు రాత్రుల ప్రయాణాలు చేశాం, ఒకసారితో ఆపలేదు కూడా. పిల్లలతో మేమిద్దరమే వెళ్ళాం, తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు వాళ్ళని తీసుకెళ్ళాం, నాలుగు కుటుంబాలు కలిసి గుంపుగానూ వెళ్ళాం. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మీతో ఉంటే, డబ్బు కాస్త ఎక్కువైనా, అది గాల్వెస్టన్ నుంచి బయల్దేరే రోజులు చూసుకుని, హార్మొనీ ఎక్కండి. ఎదిగిన పిల్లలతో, స్నేహితులతో అయితే జూబిలీ ఎక్కండి.

ఈ రెండింటినీ పోల్చడం సులువు, ఎందుకంటే ఇద్దరూ తీసుకెళ్ళేది దాదాపు ఒకే చోట్లకి: మెక్సికోలో కొజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లో రోవటాన్ దీవి. చూసే ఊళ్ళలో తేడా లేదు. తేడా అంతా ఓడలోనే ఉంది. పైగా గాల్వెస్టన్ నుంచి ఆ ఊళ్ళు దూరం. గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాటి వెళ్ళిరావడానికే మామూలుగా మూడు పగళ్ళు సముద్రం మీద గడుస్తాయి. ఫ్లోరిడా నుంచి బహమాస్ వెళ్ళేవాళ్ళకి ఓడ ఎలా ఉన్నా మర్నాడు పొద్దున్నే ఒడ్డు కనిపిస్తుంది. మనకి అలా కాదు. ఆ మూడు రోజులూ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఎక్కడ కూర్చుంటారు, ఏం చూస్తారు, ఏం తింటారు అన్నది ఆలోచించుకున్నాకే ఓడని ఎంచుకోవాలి.

హార్మొనీ 2016లో ఫ్రాన్స్‌లోని సాంనజేర్‌లో తయారైంది, 2,26,963 టన్నులు. జూబిలీ కొత్తది, జర్మనీలో కట్టారు, 2023 డిసెంబరు నుంచి గాల్వెస్టన్‌లోనే ఉంటోంది, లక్షా ఎనభై వేల టన్నుల పైచిలుకు. ఓడల విషయంలో ఈ టన్నులు బరువు కాదు, లోపలి చోటు ఎంతో చెప్పే లెక్క. గదికి ఇద్దరు చొప్పున చూస్తే రెండింట్లోనూ సుమారు 5,400, 5,500 మంది పడతారు. అంటే దాదాపు అంతే జనానికి హార్మొనీలో పాతిక శాతం దాకా ఎక్కువ చోటు ఉంది. కొత్త ఓడ కదా అని జూబిలీ వైపు మొగ్గేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. సముద్రం మీద ఉన్న రోజు మధ్యాహ్నం ఈతకొలను దగ్గర రెండింట్లోనూ జనమే. కానీ ఆ జనం నుంచి తప్పుకుని కూర్చోవడానికి హార్మొనీలో చోట్లు ఎక్కువ.

వాటిలో మొదటిది సెంట్రల్ పార్క్. ఓడ నడిమధ్యన, ఆకాశం కనిపించేలా తెరిచి ఉన్న తోట అది. అన్నీ నిజమైన మొక్కలే, వేలల్లో ఉంటాయి. సాయంత్రం దీపాలు వెలిగాక మామయ్య అక్కడ బెంచీ మీద కూర్చునేవారు, అత్తయ్య చుట్టూ నడిచేవారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి గాలి తోసెయ్యని, నేల జారని చోట నడక దొరకడం చిన్న విషయం కాదు. పై డెక్కుల మీద గాలి పెద్దవాళ్ళని నిలవనివ్వదు. ఈ తోట రెండు వైపులా గదుల వరసల మధ్య ఉండటంతో గాలి అంతగా తగలదు. గది తీసుకునేటప్పుడు సెంట్రల్ పార్క్ వైపు బాల్కనీ అడగండి. ఓడ వెనక భాగంలో బోర్డ్‌వాక్ అనే ఆరుబయలు చోటు వైపు కూడా లోపలి బాల్కనీలు ఉంటాయి కానీ అటు రంగులరాట్నం, నీటి ప్రదర్శనలు, రాత్రిదాకా సందడి. త్వరగా పడుకునేవాళ్ళకి అది పనికిరాదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రదర్శనలు. హార్మొనీలో వెనక భాగంలో ఆరుబయట నీటి రంగస్థలం ఉంది. అక్కడ చాలా ఎత్తు నుంచి దూకేవాళ్ళు, తీగల మీద నడిచేవాళ్ళు ఉంటారు. కింది డెక్కుల్లో మంచు మైదానం ఉంది, దాని మీద స్కేటింగ్ నాట్యం. వీటికి ఇంగ్లీషు రావాల్సిన పని లేదు. అత్తయ్య మంచు ప్రదర్శన చూసి బయటికి వస్తూ, "ఒక్క మాటా అర్థం కానక్కర్లేదమ్మా, రేపు మళ్ళీ ఉందేమో కనుక్కో" అన్నారు. అప్పటిదాకా అమెరికాలో మేము తీసుకెళ్ళిన చోట్లన్నీ ఆవిడకి ఎవరో ఒకరం పక్కన కూర్చుని వివరించాల్సి వచ్చేది. జూబిలీలో వినోదం ఎక్కువగా మాటల మీద నడుస్తుంది. కామెడీ క్లబ్బు, క్విజ్‌లు, ఫ్యామిలీ ఫ్యూడ్ ఆట. మా పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు, మావారూ నవ్వారు. అదే చోట తల్లిదండ్రుల్ని కూర్చోబెడితే గంటసేపు మర్యాదకి కూర్చుంటారు. హార్మొనీ ప్రదర్శనలకి ఓడ ఎక్కకముందే యాప్‌లో సీట్లు పెట్టేసుకోండి, డబ్బు కట్టనక్కర్లేదు కానీ త్వరగా నిండిపోతాయి.

జూబిలీ గొప్పదనం తిండిలో ఉంది. టిక్కెట్టులోనే కలిసిపోయే తిండి అక్కడ ఎన్ని రకాలో! గై బర్గర్లు, బ్లూ ఇగ్వానాలో టాకోలు, బిగ్ చికెన్, చైనా మెక్సికో రుచులు రెండూ ఒకేచోట పెట్టే చీబాంగ్. హార్మొనీలో బఫే, పెద్ద భోజనశాల, పిజ్జా, పార్క్ కెఫే బాగుంటాయి కానీ ప్రత్యేక రెస్టారెంట్లలో చాలావాటికి విడిగా కట్టాలి. మన భోజనం విషయానికొస్తే రెండూ నిరాశపరచలేదు. జూబిలీ రాత్రి భోజనంలో భారతీయ శాకాహారం ప్లేటు దొరికేది. హార్మొనీలో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పాం, మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం మా బల్ల దగ్గరికే వచ్చాయి. ఈ ఓడల వంటశాలల్లో, భోజనశాలల్లో పనిచేసే మనదేశం వాళ్ళు చాలామంది. ఆప్యాయంగా అడిగితే ఆప్యాయంగానే చేసిపెడతారు. కారం మాత్రం మన కారం కాదు. ఇంట్లో చేసిన తిండి ఓడలోకి రానివ్వరు, కంపెనీ సీలుతో ఉన్న కారప్పొడి, కందిపొడి ప్యాకెట్లు తీసుకెళ్ళొచ్చు. రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె సామానులో పెట్టకండి, రెండు కంపెనీలూ నిషేధించాయి, తనిఖీలో తీసేసుకుంటారు.

పదమూడు దాటిన పిల్లలు ఉంటే లెక్క మారిపోతుంది. జూబిలీ పై డెక్కు మీద బోల్ట్ రోలర్ కోస్టర్ ఉంది, సముద్రం మీద గంటకి 40 మైళ్ళ వేగం. దానికి టిక్కెట్టు విడిగా కొనాలి, ఒక్కసారి ఎక్కించి ఆపెయ్యడం మీ చేతుల్లో ఉండదు. హార్మొనీలో పదంతస్తుల జారుడుబల్ల అల్టిమేట్ అబిస్, అలల మీద సర్ఫింగ్ చేసే ఫ్లోరైడర్, జిప్ లైన్ అన్నీ ఉచితమే. ఆటల లెక్క వేస్తే హార్మొనీదే పైచేయి. అయినా మా పిల్లలు జూబిలీ పేరే చెబుతారు. అక్కడ స్నేహితులు త్వరగా దొరుకుతారట. సందడి, సంగీతం, జనం కావాలనుకునే వయసు అది. నాలుగు కుటుంబాలం వెళ్ళినప్పుడు నాకూ జూబిలీయే నచ్చింది. ధరలోనూ మేము చూసినప్పుడల్లా ఒకే వారానికి జూబిలీ తక్కువగానే ఉంది. టిప్పులు రెండింట్లోనూ మనిషికి రోజుకి ఇంత అని విడిగా పడతాయి, పసిపిల్లకీ పడొచ్చు, టిక్కెట్టు ధర చూసేటప్పుడే అవి కలుపుకోండి. మద్యం ప్యాకేజీ ఒక గదిలో ఒకరు తీసుకుంటే అదే గదిలో ఉన్న పెద్దలందరూ తీసుకోవాలన్నది రెండు చోట్లా నియమం. తాగనివాళ్ళతో కలిసి వెళ్ళే మనబోటివాళ్ళకి అది దండగ.

రేవుల గురించి ఎక్కువ చెప్పను. కొజుమెల్ నీళ్ళు చూసి తీరాలి. ఆ పగడపు దిబ్బలు అక్కణ్ణించి కిందికి హోండురాస్ దాకా సాగుతాయి. రోవటాన్‌లోనూ స్నార్కెలింగ్ (ముఖానికి అద్దం, గొట్టం పెట్టుకుని నీళ్ళలోకి చూస్తూ ఈదడం) బాగుండటానికి అదే కారణం. కోస్టా మాయాలో పెద్దవాళ్ళకి చక్కోబెన్ మాయా శిథిలాలు చూపించండి, బస్సులో గంట దారి, ఎండ తగలకముందు బయల్దేరాలి.

వీసా సంగతి మాత్రం శ్రద్ధగా చదవండి. పాస్‌పోర్టులో హెచ్-1బీ ఉద్యోగ వీసా స్టాంపు గడువు దాటిపోయినా, చెల్లే ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) 30 రోజుల లోపు మెక్సికో, కెనడా వెళ్ళి తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే సౌకర్యం ఉంది. ఈ ఏడు రాత్రుల ప్రయాణం మెక్సికోతో ఆగదు. రోవటాన్ హోండురాస్‌లో ఉంది, ఆ ఒక్క మజిలీతో ఆ సౌకర్యం పోతుంది. స్టాంపు లేనివాళ్ళు మెక్సికో మాత్రమే ఉన్న నాలుగైదు రోజుల ప్రయాణం చూసుకోండి, అదీ లాయర్ని అడిగాకే. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి మల్టిపుల్ ఎంట్రీ, అంటే మళ్ళీ అమెరికాలోకి రావడానికి అనుమతి, ఉండాలి.

చివరగా, జనవరి నుంచి మార్చి దాకా గాల్వెస్టన్‌లో పొగమంచు పడుతుంది. మంచు దట్టంగా ఉంటే ఓడల కాలువ మూసేస్తారు, తిరిగొచ్చిన ఓడ రేవు బయటే గంటల తరబడి ఆగాలి. ఏ కంపెనీ ఓడైనా అంతే. వేరే రాష్ట్రాల నుంచి హ్యూస్టన్‌కి విమానంలో వచ్చేవాళ్ళు తిరుగు ప్రయాణం సాయంత్రానికో మర్నాటికో పెట్టుకోండి. అక్కడి రెండు విమానాశ్రయాల్లో హాబీ రేవుకి దగ్గర, ఇంటర్‌కాంటినెంటల్ ఊరికి అటువైపు ఉంది, గంటన్నర పట్టొచ్చు.