చేపల వేటకు తోడుగా ఏ పని మేలు: నాచా, పీతలా, పర్యాటకుల పడవా, ఎండుచేపలా?

చిన్న పడవతో ఒడ్డుకు దగ్గర్లోనే వేట చేసుకునే కుటుంబానికి రెండో ఆదాయం గురించి ఎవరు సలహా ఇచ్చినా ముందు లాభం లెక్క చెప్తారు. నేనైతే ముందు ఒకటే అడుగుతాను: తుఫాను హెచ్చరికతో పడవ వారం రోజులు ఒడ్డునే ఉండిపోతే, ఆ వారం ఆ పని డబ్బు తెస్తుందా?

పర్యాటకులను తిప్పడం ఇక్కడే తేలిపోతుంది. పడవ ఉంది, ఇంజిన్ ఉంది, నీళ్ల సంగతి తెలుసు, నిజమే. కానీ గాలి పెరిగితే వేట ఆగిన రోజే ఇదీ ఆగుతుంది. లైసెన్సు, లైఫ్ జాకెట్లు, ప్రమాదం జరిగితే బాధ్యత, ఈ టెన్షన్ వేరే. 2020లో కోవిడ్‌తో ప్రయాణాలు నిలిచిపోతే దీన్నే నమ్ముకున్న తీర గ్రామాలు ఎన్నో దేశాల్లో చితికిపోయాయి. సీజన్‌లో పైఖర్చులకు సరే, దీని కోసం వలలు మాత్రం అమ్ముకోవద్దు.

సముద్రపు నాచు పెంపకం మంచిదే, కానీ చోటును బట్టి. కప్పాఫైకస్ లాంటి రకాలకు మేత, ఎరువు అక్కర్లేదు, తాళ్లకు ముక్కలు కట్టి వదిలితే సుమారు 45 రోజులకు కోతకొస్తుంది, ఎండబెట్టి అమ్మితే ఐస్‌క్రీమ్, టూత్‌పేస్ట్‌లలో చిక్కదనానికి వాడే క్యారాజీనన్ అందులోంచే తీస్తారు. టాంజానియాలోని జాంజిబార్ దీవుల్లో 1980ల చివర్లో మొదలైన ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే ఉంది. అక్కడ ఒడ్డు దగ్గరి నీళ్లు వేడెక్కేకొద్దీ మంచి ధర పలికే రకం తట్టుకోలేక పోయింది, తక్కువ ధర రకమే మిగిలింది. నీళ్లు బాగా వేడెక్కినా, వాన నీరు ఎక్కువగా కలిసినా కొమ్మలు తెల్లబడి విరిగిపోతాయి. పెద్ద అల వస్తే తాళ్లతో సహా పంట పోతుంది. బయటి రకాన్ని తెచ్చి వేస్తే పగడపు దిబ్బల మీదికి పాకే ప్రమాదమూ ఉంది, అందుకే అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు.

పీతలను బలిపించడం నాకు ఇంకా నచ్చుతుంది. పెంకు వదిలి మెత్తగా, నీళ్లతో నిండి ఉన్న పీతకు ధర రాదు, దాన్నే మూడు నాలుగు వారాలు మేపితే పెంకు గట్టిపడి కండ పడుతుంది, ధర ఒక్కసారిగా మారిపోతుంది. ఒకేచోట కలిపి వేస్తే గట్టివి మెత్తవాటిని తినేస్తాయి కాబట్టి విడివిడి పెట్టెలు కావాలి. మేతకు చిల్లర చేపలు కావాలి, వేట లేని వారాల్లో అవి కొనాల్సిందే.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం ఎండుచేపల పనిని బాగుచేసుకోవడం. కొత్త పని కాదు కాబట్టే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చేపలు ఎక్కువ పడి ధర పడిపోయిన రోజున దళారి చెప్పిన రేటుకు ఇచ్చేయకుండా, శుభ్రమైన ఉప్పు పట్టించి, ఇసుక మీద కాకుండా ఎత్తైన పందిరి మీద వల పరిచి ఎండబెడితే సరుకు నిలవ ఉంటుంది, పడవ కదలని వారంలో అమ్ముకోవచ్చు. పెట్టుబడి తక్కువ. వాన పడితే కప్పడానికి టార్పాలిన్ పట్టా, నిలవకు పొడి చోటు ఉండాలి, అంతే. ఈ పని చేసేది చాలాచోట్ల ఇంటి ఆడవాళ్లే, అమ్మిన డబ్బు కూడా వాళ్ల చేతికే, వాళ్ల ఖాతాకే రావాలి. అది కుదిరి కొంత సొమ్ము కూడాక పీతలకు వెళ్లొచ్చు. నాచు వైపు చూసేవాళ్లు తాళ్లు కొనకముందే కొనుగోలుదారులు ఎందరున్నారో కనుక్కోండి, ఒక్కరే ఉంటే ధర చెప్పేది ఆ ఒక్కరే.