నెల్లూరులో సాక్సోఫోన్ మరమ్మతు: కొత్తది కొనే ముందు వెళ్ళవలసిన దుకాణం

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో, బ్యాండు మేళాల వాద్యాలు బాగుచేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. నా పాత ఆల్టో సాక్సోఫోన్‌లో కింది స్వరాలు పలకకపోవడంతో, దాన్ని మార్చేద్దామనే ఉద్దేశంతో అక్కడికి తీసుకెళ్ళాను. యజమాని అమ్మకం మాట ఎత్తకుండా, గొట్టంలోకి సన్నని బల్బుల తీగ దింపి, గదిలో లైటు ఆర్పి, మీటలు ఒక్కొక్కటిగా మూసి చూపించారు. జీ షార్ప్ స్వరపు ప్యాడు (రంధ్రాన్ని మూసే తోలు బిళ్ళ) అంచున వెలుతురు సన్నగా బయటికి వచ్చింది. గాలి పోతున్నది అక్కడేనని, ఇత్తడికి వచ్చిన లోపమేమీ లేదని, ఉమ్మి తడికి గట్టిపడిన తోలు ప్యాడ్లు మారిస్తే చాలునని చెప్పారు.

ఈ సలహా విలువ అమెరికా జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ జీవితం తెలిసినవారికి మరింత బాగా అర్థమవుతుంది. 1920లో పుట్టి, కాన్సస్ సిటీలో పెరిగి, ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీతో కలిసి బీబాప్ అనే జాజ్ పద్ధతికి రూపమిచ్చిన ఆ మహా విద్వాంసుడు 1955లో, 34 ఏళ్ళకే కన్నుమూశారు. కుర్రతనంలో మూడు నాలుగేళ్ళపాటు రోజుకు 11 నుంచి 15 గంటలు సాధన చేశానని ఆయనే చెప్పుకొన్నారు. అంతటి సాధకుడికీ హెరాయిన్ వ్యసనం వల్ల సొంత వాద్యం చేతిలో నిలిచేది కాదు. తరచూ తాకట్టుకు పోయేది. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్లో ఆయన వాయించినది గ్రాఫ్టన్ అనే ప్లాస్టిక్ ఆల్టో. ఆ కచేరీ రికార్డు వింటుంటే వాద్యం ప్లాస్టిక్‌దన్న ఊహ కూడా రాదు. 1994లో లండన్ వేలంలో ఆ వాద్యాన్ని కొన్నది ఆయన పెరిగిన ఊరే. మెరుపు చూసి వాద్యం ఎంచుకొనేవారు (నేనూ ఆ కోవలోని వాడినే) ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పని విషయానికి వస్తే, స్పిరిట్ దీపంతో లక్క కరిగించి ప్యాడు అమర్చి, అది ఆరేలోగానే వేలితో అటూ ఇటూ సరిచూసే ఓపిక ఈ దుకాణం యజమానిది. ఇప్పుడు అట్టడుగు బీ ఫ్లాట్ కూడా మెల్లగా ఊదితే పలుకుతోంది. రసీదు మాత్రం ఇవ్వరు. పెళ్ళిళ్ళ రోజుల్లో మేళాలవారి పనికే మొదటి పీట కాబట్టి చెప్పిన గడువు నిలవదు. మూఢంలో తీసుకెళ్ళడం మేలు. రీడ్లు (ఊదే చోట బిగించే పలుచని బద్దలు) వీరి దగ్గర ఎప్పుడూ ఉండవు కనుక వాటిని చెన్నై నుంచి తెప్పించుకోవలసిందే.