‘విండోస్ 11 ప్రో ఒరిజినల్, లైఫ్‌టైం’ అంటూ అమ్మే పాత ఆఫీసు కంప్యూటర్లతో జాగ్రత్త

షాపు పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. సికింద్రాబాద్ వైపు పాత కంప్యూటర్ల కోసం తిరిగినవాళ్లకు ఆ వాట్సాప్ పోస్టర్ ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. ఐ5, 8 జీబీ ర్యామ్, 256 ఎస్‌ఎస్‌డీ, 22 అంగుళాల మానిటర్, కీబోర్డు, మౌసు, ‘విండోస్ 11 ప్రో ఒరిజినల్, లైఫ్‌టైం’, ఎంఎస్ ఆఫీసు కూడా లైఫ్‌టైమే, అన్నీ కలిపి 16,500. ఆ ‘ఒరిజినల్’ సంగతి చెప్పడానికే ఇది.

విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి డీఎల్‌ఐ అని కొట్టండి (slmgr /dli). కాసేపటికి చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మామూలుగా కొన్న విండోస్ అయితే డిస్క్రిప్షన్ అన్నచోట రిటైల్ (విడిగా కొన్నది) అనో ఓఈఎం (కంప్యూటర్‌తోపాటే వచ్చింది) అనో ఉంటుంది. ఆ పోస్టర్ నమ్మి కొన్న ఈ మెషీన్‌లో ఉన్నది ‘వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్’. డీఎల్‌ఐ బదులు ఎక్స్‌పీఆర్ కొడితే, యాక్టివేషన్ ఫలానా తేదీకి ముగుస్తుందని కూడా చెప్పింది. లైఫ్‌టైం అట! ఎవరి లైఫో మరి.

కేఎంఎస్ అనేది పెద్ద కంపెనీలకూ కాలేజీలకూ ఉద్దేశించింది. సంస్థ లోపల ఒక సర్వర్ ఉంటుంది, కనీసం 25 విండోస్ కంప్యూటర్లు దాన్ని సంప్రదిస్తేనే అది యాక్టివేషన్ ఇవ్వడం మొదలుపెడుతుంది. ఇచ్చింది 180 రోజులే చెల్లుతుంది. ప్రతి కంప్యూటరూ ఏడు రోజులకోసారి సర్వర్‌ని పలకరించి గడువు పొడిగించుకుంటూ ఉంటుంది. మన ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్, సర్వర్ అసలే లేదు. అందుకని షాపువాళ్లు ఎక్కడినుంచో దించిన యాక్టివేటర్‌ని లోపల కూర్చోబెడతారు. అది సర్వర్‌లా నటిస్తూ గడువు తనే పొడిగించుకుంటుంది. గడువు తేదీ 2038 అని కనిపించినా ఆశపడకండి, అదీ ఇదే బాపతు.

దొంగ లైసెన్స్ అన్నది ఒక ఎత్తయితే దాంతోపాటు వచ్చేది ఇంకో ఎత్తు. యాక్టివేటర్‌ని డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) పట్టుకుంటుంది కాబట్టి, పట్టుకోకుండా ముందే దాని కళ్లకు గంతలు కడతారు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, ఆ పేజీ చివర ఎక్స్‌క్లూజన్స్, అంటే డిఫెండర్ వెతక్కూడని చోట్ల జాబితా. ఈ మెషీన్‌లో సీ డ్రైవ్ మొత్తం ఆ జాబితాలో ఉంది. ఏదో ఒక ఫోల్డర్ కాదు, మొత్తం డ్రైవ్! అంటే సీ డ్రైవ్‌లోకి ఏ వైరస్ దిగినా డిఫెండర్ తల తిప్పి చూడదు, పైన పచ్చ టిక్కు మాత్రం చూపిస్తూనే ఉంటుంది. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేది అందులోనే.

ఇక షాపులో జరిగింది. ఇన్ని మాటలు రాయిస్తున్నది అదే.

ఆ కిటికీ ఫొటో చూపించి ఇదేంటని అడిగితే, షాపువాడు ఫోన్ వైపు కన్నెత్తి చూడలేదు. ఇంకో గిరాకీకి మానిటర్ ప్యాక్ చేస్తూనే, “ఇంట్ల వాడుకునేదానికి ఒరిజినల్ ఎందుకన్నా? అందరికీ గిదే ఏస్తం. హైదరాబాద్ మొత్తం గిదే నడుస్తది” అన్నాడు. మీ పోస్టర్‌లో ఒరిజినల్ అని ఉంది కదా అంటే, “బిల్లు తియ్యండి” అన్నాడు. తీస్తే, చెవి మీద పెట్టుకున్న పెన్ను తీసి, రెండో వరుస కింద గీత గీశాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ‘విత్ డాస్, సాఫ్ట్‌వేర్ వారంటీ లేదు’ అని ఉంది. విత్ డాస్ అంటే విండోస్ లేకుండా అమ్మినట్టు. “మేం మీకు విండోసే అమ్మలేదన్నా. ఫ్రీగా ఏసిచ్చినం. ఫ్రీగా ఇచ్చినదానికి గ్యారంటీ అడుగుతరా?” అని నవ్వాడు. పక్కనున్న కుర్రాడు కూడా నవ్వాడు. అంతటితో ఆగితే బాగుండేది. “అంత ఒరిజినల్ కావాలంటే షోరూంకి పొయ్యి 60,000 పెట్టాలె” అని, మానిటర్ డబ్బాకి టేపు వేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది. పోస్టర్‌లో ఒరిజినల్, బిల్లులో డాస్! బిల్లు చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్న మహా తెలివికి కూడా ఒక దండం.

ఇంతా చేసి, ఆ మెషీన్‌కి విండోస్ 11 వేయడమే తప్పు. డబ్బా మీద ఆప్టిప్లెక్స్ 7020 అని ఉంటుంది. నెట్‌లో ఆ పేరు వెతికితే విండోస్ 11తో వచ్చిన కొత్త డెల్ కనిపిస్తుంది. షాపువాడు ఫోన్‌లో చూపించేదీ ఆ పేజీనే. డెల్ ఆ నంబర్‌ని రెండుసార్లు వాడింది, 2014 ప్రాంతంలో ఒకసారి, 2024లో మళ్లీ. మనకి అంటగట్టేది పదేళ్లు దాటిన మొదటిది. కాబట్టి మోడల్ పేరు నమ్మకండి. వెనకో పక్కనో ఉండే సర్వీస్ ట్యాగ్ (ఏడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి) డెల్ సైటులో కొడితే ఏ యేడాది ఎక్కడికి పంపిన పెట్టో బయటపడుతుంది.

దానికన్నా తేలిక ప్రాసెసర్ నంబర్. ఐ5-4590 అంటే మొదటి అంకె 4, నాలుగో తరం. ఐ5-8500 అయితే ఎనిమిదో తరం. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి ఒప్పుకునే ఇంటెల్ జాబితా, ఒకటీ అరా మినహాయిస్తే, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి. దానికితోడు టీపీఎం (మదర్‌బోర్డు మీది సెక్యూరిటీ చిప్) 2.0 ఉండాలి, సెక్యూర్ బూట్ (లేచేటప్పుడు నమ్మదగిన సిస్టంనే లేపే ఏర్పాటు) పెట్టుకునే వీలుండాలి. ఈ పాత 7020లో టీపీఎం ఉంది గానీ 1.2. ఇన్‌స్టాలర్‌లో ఆ తనిఖీలు దాటేసి ఎక్కించడం పెద్ద విద్యేం కాదు, ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రాంలో ఒక టిక్కు పెడితే చాలు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కొన్న రోజు ఎవరికీ అనుమానం రానిది అందుకే.

తేడా తర్వాత తెలుస్తుంది. రన్ పెట్టెలో విన్‌వర్ (winver) అని కొడితే వెర్షన్ 23హెచ్2 అని చూపించింది. హోమ్, ప్రో ఎడిషన్లలో ఆ వెర్షన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 నవంబర్ 11తో ఆగిపోయాయి. మామూలు మెషీన్ అయితే తర్వాతి వెర్షన్‌కి తనే వెళ్తుంది. అర్హత లేని మెషీన్‌కి ఆ పెద్ద అప్‌డేట్ దానంతటది రాదు, ప్రతిసారీ పెన్‌డ్రైవ్‌తో మళ్లీ అదే దొడ్డిదారిన ఎక్కించాలి. అసలు ఇందులో విండోస్ అప్‌డేట్ సర్వీసునే డిసేబుల్ చేసి పెట్టారు, యాక్టివేటర్ ఊడిపోకుండా కాబోలు. సర్వీసెస్ జాబితా తెరిచి విండోస్ అప్‌డేట్ వరుస చూస్తే తెలిసిపోతుంది. ఏ అప్‌డేటూ రాని కొత్త విండోస్ కన్నా, అప్‌డేట్లు వస్తున్న పాతదే మేలు.

పాతదంటే విండోస్ 10. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు పొడిగింపు అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తున్నారు. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో చేరాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. వద్దనుకుంటే 1000 రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లు గానీ.

ఇక్కడ షాపువాడి తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. ఇలాంటి ఆఫీసు పెట్టెలు చాలావరకు విండోస్ 7 ప్రో, 8 ప్రో లైసెన్సులతో వచ్చినవే. ఎప్పుడో ఒకప్పుడు ఎవరైనా వాటిని విండోస్ 10కి సరిగ్గా మార్చి ఉంటే, ఆ మదర్‌బోర్డు పేరు మీద డిజిటల్ లైసెన్స్ మైక్రోసాఫ్ట్ దగ్గర ఇప్పటికీ ఉంటుంది. డ్రైవ్ మొత్తం తుడిచి, మైక్రోసాఫ్ట్ సైటులో దొరికే విండోస్ 10 ప్రో ఎక్కించి, కీ అడిగినచోట ‘కీ లేదు’ అని ఎంచుకుని, నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ కావచ్చు. అంటే అసలు లైసెన్స్ ఉన్న మెషీన్ మీద నకిలీది కప్పి అమ్ముతున్నారన్నమాట, తనిఖీ చేసే ఓపిక లేక! అది లేకపోతే మాత్రం పాత విండోస్ 7 కీతో కొత్తగా యాక్టివేట్ చేయడం ఇక కుదరదు. ఆ దారి 2023లోనే మూసేశారు. ఆన్‌లైన్‌లో 500 రూపాయలకు దొరికే కీలు కూడా చాలావరకు ఏదో సంస్థ వాల్యూమ్ కీలే, ఎప్పుడు బ్లాక్ అవుతాయో చెప్పలేం.

మరి అలాంటి నాలుగో తరం మెషీన్ ఇప్పటికే ఇంట్లో ఉంటే? బ్రౌజరు, యూట్యూబు, పిల్లల చదువు, ఉత్తరాలు, లెక్కల షీట్లు, ఇంతే పనైతే విండోస్ బదులు లినక్స్ మింట్ 22 (ఉచిత ఆపరేటింగ్ సిస్టం) వేసుకోండి. 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. అందులో రకాలుంటాయి, 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్, 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి లేపి, ఇన్‌స్టాల్ చేయకుండానే శబ్దం, వైఫై, ప్రింటర్ చూసుకోండి. డెల్‌లో ఒక తిరకాసు ఉంది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెర) సాటా మోడ్ ‘రెయిడ్ ఆన్’ అని ఉంటే ఇన్‌స్టాలర్‌కి డిస్కు కనిపించకపోవచ్చు, ఏహెచ్‌సీఐకి మార్చాలి. మార్చాక పాత విండోస్ లేవకపోవచ్చు కాబట్టి ఫైళ్లు ముందే వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. ప్రింటర్ కేనన్ ఎల్‌బీపీ 2900 అయితే మాత్రం ముందే చెబుతున్నా, లినక్స్‌లో దాని డ్రైవర్ ఏడిపిస్తుంది. హెచ్‌పీ లేజర్లు సాధారణంగా పేచీ పెట్టవు.

తెలుగు టైపింగ్‌కి లోటు లేదు. ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంతోపాటు ఎం17ఎన్ అనే లేఅవుట్ల కట్ట వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన లేఅవుట్లు దొరుకుతాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ ఫాంట్లు యూనికోడ్‌వే కాబట్టి ఎక్కడైనా నడుస్తాయి. కానీ పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాల పని చేసేవాళ్లు లినక్స్ జోలికి వెళ్లకండి. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ ఉన్నచోట విండోస్ తప్పదు. ట్యాలీ వాడేవాళ్లకూ అంతే. జీఎస్టీకో టెండర్లకో డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చేవాళ్లకు కూడా విండోసే తక్కువ తలనొప్పి. గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది గానీ ప్లే స్టోర్ రాదు, పని దాదాపు అంతా బ్రౌజర్‌లోనే. ముసలివాళ్లు వార్తలు చూసుకోవడానికైతే సరే.

విండోసే కావాలి, పాతదే కొనాలి అంటే ఈ నంబర్లు అడగండి. డెల్ ఆప్టిప్లెక్స్ 3060, 5060, 7060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720, ఎం920. ఇవన్నీ ఎనిమిదో తరంతో వచ్చినవి. ర్యామ్ 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ రాసుకుంది, మీరు 8కి తగ్గకండి. హార్డ్ డిస్కు అంటే వద్దనండి, ఎస్‌ఎస్‌డీ కావాలి.

డబ్బులిచ్చే ముందు షాపులోనే ఆ మూడు చూడండి, రెండు నిమిషాల పని. ఎస్‌ఎల్‌ఎంజీఆర్ డీఎల్‌ఐ, విన్‌వర్, డిఫెండర్ ఎక్స్‌క్లూజన్స్. ‘పర్మనెంట్‌గా యాక్టివేట్ అయింది’ అని వచ్చినా అది కొన్న లైసెన్స్ అనడానికి రుజువు కాదు, రుజువు బిల్లే. బిల్లులో విండోస్ ఎడిషన్ పేరు రాయమనండి. రాయనంటే విండోస్ లేదని లెక్కేసుకుని ధర మాట్లాడండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు పోస్టర్ స్క్రీన్‌షాట్ డిలీట్ చేయకండి. బిల్లులో డాస్ అని ఉన్నా, ప్రకటనలో చెప్పింది ఇవ్వలేదని అడగడానికి అదే ఆధారం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. మెషీన్ వెనక్కి తీసుకుంటామని అంటే మాత్రం మీ ఫైళ్లు తీసుకుని, డ్రైవ్ పూర్తిగా చెరిపాకే చేతికివ్వండి. ఆ యాక్టివేటర్ ఉన్నన్నాళ్లు అందులో కొట్టిన పాస్‌వర్డ్‌లన్నీ వేరే ఫోన్ నుంచి మార్చేయండి, ముందు ఈమెయిల్‌ది, తర్వాత బ్యాంకుది.