జాగ్రత్త: సగం ధరకు వస్తున్న పాత స్టాకు ట్రెకింగ్ బూట్లు కొండ మీద విడిపోతున్నాయి

తిరుపతిలో ఇప్పుడు క్లియరెన్స్ పేరుతో ట్రెకింగ్ బూట్లు సగం ధరకు, ఒక్కోచోట అంతకన్నా తక్కువకు అమ్ముతున్నారు. అంగళ్ళలోనూ ఇదే, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే. భారత్–నేపాల్ సరిహద్దు వెంట సాగే సందక్‌ఫు–ఫాలుట్ నడకకని అలాంటి బూట్లు కొన్నవాళ్ళకు దారి మధ్యలోనే సోలు ఊడి చేతికొచ్చింది. బూట్లు కొత్తవే, అంతకుముందు ఒక్కసారీ తొడగనివి. తిరిగొచ్చి అడిగితే ఆ దుకాణంవాళ్ళు "రాళ్ళ మీద నడిస్తే ఊడక ఏమవుతుంది" అని చేతులు దులుపుకున్నారు. అది తప్పు మాట. రాళ్ళ మీద నడవడానికే ఆ బూటు. అమ్మేనాటికే అది లోపల పొడిబారిపోయి ఉంది.

ఎందుకలా అవుతుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో మీకే అర్థమవుతుంది. బూటు అడుగున నేలకు తగిలేది రబ్బరు. పైన తోలో, బట్టో. ఈ రెంటి మధ్య మెత్తగా, మందంగా ఉండే పొరను మిడ్‌సోల్ అంటారు. బరువైన ట్రెకింగ్ బూట్లలో చాలావాటికి ఈ పొరను పాలీయురెథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమ దాంట్లోకి దిగి, లోపలి బంధాలను మెల్లగా తెంపేస్తుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. వాడినా వాడకపోయినా బూటు తయారైన రోజు నుంచే ఇది మొదలవుతుంది. మామూలుగా 5 నుంచి 8 ఏళ్ళలో ఆ పొర పనికి రాకుండా పోతుంది. వేడీ తేమా కలిస్తే ఇంకా తొందరగా పోతుంది. మన దగ్గర మే నెల ఎండకు రేకుల గోడౌను ఎలా కాగుతుందో, నవంబరు వానలకు అదే గోడౌను ఎలా చెమ్మగిల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటిచోట ఏళ్ళ తరబడి అట్టపెట్టెలో పడున్న బూటు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం రస్కులా అయిపోతుంది.

అడుగున పసుపుపచ్చ వైబ్రమ్ (సోలు రబ్బరు చేసే కంపెనీ) గుర్తు ఉందని మాత్రం ధీమా పడకండి. ఆ గుర్తు రబ్బరుది. రబ్బరు బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉండాల్సిన పొర పోతుంది. ఈవీఏ అనే ఇంకో రకం మిడ్‌సోల్ ఉంది. అది తేమకు ఇలా పొడి కాదు, కాకపోతే వాడేకొద్దీ అణిగిపోతుంది. కొనబోయే మోడల్‌కు ఏది వాడారో కంపెనీ వివరాల్లో ఉంటుంది, చూసుకోండి.

ముందు తేదీ చూడాలి. పెట్టె మీది ఎంఆర్‌పీ స్టిక్కరును ఒక్కదాన్నే నమ్మొద్దు. దిగుమతి సరుకైతే దాని మీద ఉండేది దిగుమతైన నెల కావచ్చు. పాత స్టిక్కరు మీద కొత్తది అతికించారేమో అంచు గోటితో లేపి చూడండి. లేసుల కింద ఉండే నాలుకలాంటి పట్టీ లోపల చిన్న గుడ్డ లేబుల్ కుట్టి ఉంటుంది. సైజు పక్కనే 03/19 అనో, ఆ తరహాలోనో అచ్చేసి ఉంటే 2019 మార్చిలో తయారైందని. మా లెక్క ప్రకారం తయారై మూడేళ్ళు దాటిన పాలీయురెథేన్ బూటు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. లేబుల్ కత్తిరించేసి ఉంటే అక్కడే పెట్టి వచ్చేయండి.

తర్వాత చేత్తో పరీక్ష. మడమ పక్కన మిడ్‌సోల్‌ను బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. మంచిదైతే వెంటనే పొంగి మామూలుగా అవుతుంది. గుంట అలాగే ఉండిపోయినా, జిగటగా తగిలినా, గోటికి పొడి అంటినా అది పోయినట్టే. ముందు భాగాన్ని ఇరవైసార్లు బాగా వంచి, మడతపడే చోట సన్నని బీటలున్నాయేమో వెలుతురులో చూడండి. రెండు బూట్లనూ చూడాలి, ఒకటి చూసి ఊరుకోవద్దు.

ఇక్కడ మనవాళ్ళు ఒకచోట ఏమారుతున్నారు. కాళ్ళకు అలవాటు కావాలని శ్రీవారి మెట్టు 2,388 మెట్లో, అలిపిరి 3,550 మెట్లో ఎక్కుతారు. మంచిదే, ఊపిరికీ తొడలకూ అంతకన్నా మంచి సాధన లేదు. కానీ ఎక్కేది ఒట్టి కాళ్ళతో, కాబట్టి బూటుకు పరీక్షే జరగదు. తలకోన దారిలోనో, హార్స్‌లీ హిల్స్‌లోనో, వీపున సంచి బరువుతో కనీసం 40 కిలోమీటర్లు ఆ బూట్లతోనే నడవండి. పోయేదేదో ఇక్కడే పోతుంది.

అక్కడ పోతే పరిస్థితి వేరు. సందక్‌ఫు ఎత్తు 3,636 మీటర్లు. అక్కడి నుంచి ఫాలుట్‌కు ఒక్క రోజులో 21 కిలోమీటర్లు సరిహద్దు గట్టు వెంట నడవాలి. మధ్యలో బూట్లు అమ్మే అంగడి అంటూ లేదు. పొద్దున గడ్డి మీద మంచుకు బూటు తడుస్తుంది. చలికి బిగుసుకున్న మిడ్‌సోల్ మొదట మడమ దగ్గర పిగులుతుంది, నడిచిన దారిలో పచ్చటి రవ్వలు రాలుతుంటాయి. కాసేపటికి సోలు వేళ్ళ దగ్గర మాత్రమే పట్టుకుని తపతపా కొట్టుకుంటుంది. ఫెవిక్విక్ పూసి లాభం లేదు, పొడిని పొడికి అతికించినట్టే. బూటు చుట్టూ సరిపోయేంత పొడవున్న కేబుల్ టైలు (బిగించే ప్లాస్టిక్ పట్టీలు) బూటుకు మూడు చొప్పున తీసుకెళ్ళండి. వేళ్ళ వెనక ఒకటి, పాదం మధ్యలో రెండు బిగించి, తాళం ముడి పక్కకు వచ్చేలా చూడండి, కిందికి వస్తే రాయికి తగిలి తెగుతుంది. వాటి మీద రెండు మీటర్ల నైలాన్ తాడు చుడితే ఆ రోజు గడుస్తుంది. మర్నాడు ఫాలుట్ నుంచి గోర్ఖే ఊరికి దిగుడు దారిలో అదీ ఆగదు. అందుకే సంచిలో మామూలు రన్నింగ్ షూ ఒక జత పెట్టుకోవడమే మేలు.

ఇంకో మాట, ఇది ట్రెక్ టూర్లు అమ్మేవాళ్ళు చెప్పేది: "ఆధార్ ఉంటే చాలు". దారి తుమ్లింగ్ లాంటిచోట్ల నేపాల్‌లోకి పోయి మళ్ళీ మన వైపు వస్తుంది. నేపాల్‌కు వెళ్ళే పెద్దవాళ్ళకు పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళకు ఆధార్ చెల్లదు. జూన్ 16 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఈ దారి ఉన్న సింగలీలా నేషనల్ పార్కు మూసి ఉంటుంది, ఆ రోజుల్లో తేదీలు ఇచ్చేవాళ్ళకు అడ్వాన్సు కట్టకండి.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్ళు ఆ బూట్లు పారేయకండి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించకండి కూడా. కుట్టిస్తే సాక్ష్యం పోతుంది. విడిన భాగం, లేబుల్ మీది తేదీ, పెట్టె మీది స్టిక్కరు, బిల్లు విడివిడిగా ఫోటోలు తీయండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు తిరిగి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు ఏమీ లేదు.