చీకటి ఫోటోల మీద డార్క్‌టేబుల్ పనితనం

కిటికీకి వీపు పెట్టి కూర్చుని పుస్తకం చదువుకుంటున్న మా నాన్నగారి ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ, లోపల దీపం వెలిగించని గది. కిటికీ అవతలి ఆకాశం తెల్లగా మాడిపోకూడదని ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి తీశాను కనుక ఆకాశపు నీలం నిలిచింది గానీ, ఆయన ముఖం, చేతిలోని పుస్తకం, కుర్చీ కలిసి ఒకే నల్లటి ముద్దయ్యాయి. ఏ ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చినా నేను మొదట దాని ముందు పెట్టేది ఈ ఫోటోనే. మూడేళ్లుగా డార్క్‌టేబుల్ వాడుతున్నాను. ఈ ఫోటో మీద, దానితోపాటు రంగు దీపాల వేదికల మీద, ఒంటి బల్బు గదుల్లో తీసిన మరికొన్నిటి మీద అది ఏం చేయగలిగిందో, ఎక్కడ చేతులెత్తేసిందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

డార్క్‌టేబుల్‌ను యోహానెస్ హానికా మొదలుపెట్టారు. తొలి విడుదల 2009లో వచ్చింది. లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ పనిచేసే ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. ఫిలిం రోజుల్లో నెగెటివ్‌లను పరచి చూసుకునే వెలుగు బల్ల, వాటిని కడిగి ప్రింటు వేసే చీకటి గది, ఈ రెండు మాటలనూ కలిపి దీనికి పేరు పెట్టారు. లోపలి ఏర్పాటు కూడా అలాగే ఉంటుంది: ఫోటోలను ఏరుకోవడానికి ఒక తెర, ఒక్కో ఫోటోను తీర్చిదిద్దడానికి మరొక తెర. మనం చేసే మార్పులేవీ అసలు ఫైలును తాకవు. పక్కనే ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైలులో వరుసగా నమోదవుతాయి. అర్ధరాత్రి ఉత్సాహంలో చేసిన ఘనకార్యాలను మర్నాడు ఉదయం ఒక్క క్లిక్కుతో వెనక్కి తీసుకునే వీలు ఉండడం, ముఖ్యంగా చీకటి ఫోటోలతో పెనుగులాడేవారికి, చిన్న సౌకర్యం కాదు.

అయితే ఒక షరతు ఉంది. దీని సత్తా చూడాలంటే కెమెరాలో రా ఫైలు, అంటే సెన్సర్ నమోదు చేసిన వివరాన్ని కెమెరా తన సవరణలు కలపకుండా దాచే ఫైలు, తీసి ఉండాలి. మామూలు జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. పగటి వెలుతురులో చక్కగా తీసిన ఫోటోకు ఈ తేడా పెద్దగా కనిపించదు. నీడలో కూరుకుపోయిన ముఖాన్ని పైకి లాగవలసి వచ్చినప్పుడు మాత్రం, జేపెగ్‌లో ఆ ముఖానికి మిగిలిన కొద్దిపాటి మెట్లు సాగి సాగి చెంప మీద మచ్చలుగా, గోడ మీద చారలుగా బయటపడతాయి. డార్క్‌టేబుల్ జేపెగ్‌ను కూడా తెరుస్తుంది. కానీ కెమెరా తనంతట తాను తీసుకున్న నిర్ణయాలన్నీ అప్పటికే ఆ ఫైలులో గట్టిపడి ఉంటాయి కనుక, ఫోన్‌లో తీసిన జేపెగ్‌లను కాస్త వెలిగించుకుంటే చాలనుకునేవారికి స్నాప్‌సీడ్ వంటి తేలికపాటి యాప్ సరిపోతుంది. వారు దీని జోలికి రానక్కరలేదు.

ఇక నాన్నగారి ఫోటోకు వస్తాను. డార్క్‌టేబుల్ నేర్పే మొదటి పాఠం మిగతా సాఫ్ట్‌వేర్లకు అలవాటుపడ్డవారికి వింతగా తోస్తుంది. కిటికీ సంగతి పూర్తిగా మరిచిపోయి, ముఖం సరిగా కనిపించేంతవరకు ఎక్స్‌పోజర్ పెంచమంటుంది. ఎక్స్‌పోజర్‌ను కొలిచే ఈవీ లెక్కలో నాకు 3 ఈవీ పెంచవలసి వచ్చింది. ఒక్కో ఈవీకి వెలుగు రెట్టింపవుతుంది కనుక, అది ఎనిమిది రెట్లు. ముఖం తేలింది, కిటికీ తెల్లటి పలకలా అయిపోయింది. మొదటిసారి చేసినప్పుడు నేను భయపడి వెంటనే స్లైడర్‌ను వెనక్కి లాగేశాను. భయపడనక్కరలేదని ఆలస్యంగా తెలిసింది. ఇందులో లెక్క జరుగుతున్నంతసేపూ తెలుపు అనే గీత దాటిన విలువలను అది పారేయదు. అన్నిటినీ అలాగే మోసుకుపోయి, చివర్లో ఫిల్మిక్ లేదా సిగ్మాయిడ్ అనే మాడ్యూల్ (ఒక్కో రకం సవరణ చేసే పనిముట్టు) దగ్గర మాత్రమే తెర పట్టగలిగినంతకు కుదిస్తుంది. కిటికీ తెల్లబోయినట్టు కనిపించినా దాని వెనుక నీలం భద్రంగానే ఉంటుంది. ఫిల్మిక్‌లో తిప్పవలసినవి ఎక్కువ, సిగ్మాయిడ్‌లో తక్కువ. నేను రెండోదానితోనే స్థిరపడ్డాను, ఈ విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు.

ఆ నీలాన్ని తిరిగి రప్పించే పని టోన్ ఈక్వలైజర్‌ది. నా మటుకు నాకు, డార్క్‌టేబుల్ నేర్చుకోవడానికి పడ్డ శ్రమకంతా ఈ ఒక్క మాడ్యూలే ప్రతిఫలం. ఫోటోలోని వెలుగును అది మైనస్ 8 ఈవీ నుంచి 0 వరకు తొమ్మిది అంచెలుగా విడదీస్తుంది. ఏ అంచెకు ఆ అంచెను విడిగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన, వెలుగును నలుపు నుంచి తెలుపు దాకా అంచెలుగా విభజించే జోన్ పద్ధతి తెలిసినవారికి ఈ అమరిక వెంటనే పరిచయమైనదిగా అనిపిస్తుంది. స్లైడర్లతో కూడా పనిలేదు. మాడ్యూల్‌ను తెరిచి ఉంచి, మౌస్‌ను నేరుగా ఫోటోలోని కిటికీ మీదికి తీసుకువెళ్లి చక్రం కిందికి తిప్పితే ఆ స్థాయి వెలుగు ఉన్న భాగాలన్నీ తగ్గుతాయి. చొక్కా మడతల మీదికి వెళ్లి పైకి తిప్పితే అవి తేలతాయి. చీకటి గదిలో ప్రింటు వేసేవారు కాంతికి చెయ్యి అడ్డం పెట్టి ఒకచోట తక్కువ, మరొకచోట ఎక్కువ వెలుగు పడేలా చూసుకున్నట్టే ఇది కూడా; ఎక్కడ ఎంత కావాలో కంటికి కనిపిస్తూ ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాటలేకనే చాలామంది ఈ మాడ్యూల్‌ను పనికిరానిదని వదిలేస్తుంటారు. ఏ భాగం ఏ అంచెకు చెందుతుందో నిర్ణయించేది లోపల ఉండే ఒక మాస్క్, అంటే ఫోటోను భాగాలుగా విడదీసే బూడిద రంగు నమూనా. దాన్ని సరిచూసుకోకుండా స్లైడర్లు తిప్పితే ఫోటో అంతా బూడిద పూసినట్టు చదునుగా తయారవుతుంది, లేదా చీకటికీ వెలుగుకీ సరిహద్దులో తెల్లటి అంచు లేస్తుంది. మొదటి నెలలో నేను చేసిన ఫోటోలో నాన్నగారి తల చుట్టూ దేవుడి పటంలో లాంటి కాంతి వలయం ఉంది. ఆయన దాన్ని చూసి చాలాసేపు నవ్వారు. మాస్క్ ఎలా ఉందో చూపించే బొమ్మ గుర్తును నొక్కి, తల, భుజాలు ఒకే బూడిద రంగు ముద్దగా, కిటికీ వేరే ముద్దగా, వాటి మధ్య గీత పదునుగా కనిపించేదాకా సర్దుకోవాలి. అలా కుదిరాక ముఖం మొత్తం ఒక్కటిగా పైకి లేస్తుంది గనుక, ముఖం లోపలి చిన్న చిన్న వెలుగునీడలు, కళ్లజోడు తీగ మీది మెరుపు, నుదుటి ముడతలు, చెంప మీద పుస్తకపు కాగితం నుంచి పడ్డ లేత వెలుగు, ఏవీ చెదరవు. సాధారణంగా షాడోస్ అని పేరున్న స్లైడర్‌ను గట్టిగా లాగినప్పుడు ముఖం పేలవమైపోయే జబ్బు ఇక్కడ అంతగా లేదు.

రంగుల విషయంలో కూడా దీని పద్ధతి వేరు. సాయంత్రం పూట ఒక గదిలో బల్బు వెలుగుతుంటే వెలుగు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో అది దాదాపు 2,700 కెల్విన్ల పసుపు. అదే సమయంలో తెరిచిన కిటికీలోంచి వచ్చే నీడపట్టు వెలుతురు 7,000 కెల్విన్లు దాటిన నీలం. ఏదో ఒకదానికి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగు సవరణ) సరిచేస్తే రెండోది మరింత చెడుతుంది. డార్క్‌టేబుల్‌లో కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్‌ను రెండుసార్లు పెట్టుకుని, ఒకదానికి బల్బు వైపు, మరొకదానికి కిటికీ వైపు మాస్క్ గీసుకోవచ్చు. ఇలా చేసిన ఒక వంటింటి ఫోటోలో స్టీలు గిన్నెకు ఒక పక్క పసుపు, మరో పక్క నీలం పోయి, గిన్నె గిన్నెలాగే కనిపించింది. కాకపోతే పూర్తిగా సమం చేసేస్తే సాయంత్రమన్న భావమే పోతుంది కనుక, పసుపును మూడో వంతు దాకా ఉంచేయడం నా అలవాటు. ఈ మాడ్యూల్ వాడేటప్పుడు పాత వైట్ బ్యాలెన్స్ మాడ్యూల్‌ను కెమెరా రిఫరెన్స్ స్థితిలోనే వదిలేయాలి. దాన్ని కదిపితే ఒకే సవరణ రెండుసార్లు పడుతుంది. ఎర్ర అక్షరాల హెచ్చరిక వస్తుంది గానీ అది ఎందుకు వచ్చిందో కొత్తవారికి ఒక పట్టాన అర్థం కాదు.

కొన్ని దీపాల ముందు మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ పాచికా పారదు. పాత వీధి దీపాల్లో అల్పపీడన సోడియం రకం 589 నానోమీటర్ల దగ్గర దాదాపు ఒకే రంగును వెదజల్లుతుంది. దాని కింద ఎర్ర చీరా, ఆకుపచ్చ చీరా కెమెరాకు ఒకే పసుపులో ముదురు, లేత ఛాయలు మాత్రమే. లేని రంగును తిరిగి తెప్పించడం ఉండదు. అలాంటివాటిని నలుపు తెలుపులోకి మార్చేస్తాను.

వేదికల మీది నీలి ఎల్ఈడీ దీపాలు ఇంతకంటే ఎక్కువ బాధపెడతాయి. ఒక గాయని ఫోటోలో ముఖంలో సగం నీలి పెయింటు పూసినట్టుగా ఉంది. చెంప, ముక్కు, పెదవి అన్నీ ఒకే నీలం. డార్క్‌టేబుల్‌లో రా ఫైలు ఎక్కడ నిండిపోయిందో చూపించే సూచిక నొక్కితే అసలు సంగతి బయటపడింది. ఆ సగంలో నీలం పూర్తిగా పొంగిపోయింది, ఎరుపు దాదాపు ఖాళీ, ఆకుపచ్చ అంతంతమాత్రం. హైలైట్లను, అంటే వెలుగు నిండిపోయిన చోట్లను, పునర్నిర్మించే మాడ్యూల్‌లో ఇప్పుడు అనేక పద్ధతులున్నాయి. మేఘాల అంచులకు, దీపాల చుట్టూ ఉండే గులాబీ మచ్చలకు అవి బాగా పనిచేస్తాయి. చుట్టుపక్కల చానళ్లలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో) ఉన్న వివరాన్ని అరువు తెచ్చుకుని ఖాళీని పూరించడమే వాటి పని గనుక, అరువిచ్చేందుకు పొరుగున ఏమీ లేని ఈ ముఖం మీద అవి ఓడిపోయాయి. కలర్ కాలిబ్రేషన్‌లోని గ్రే విభాగంలోకి వెళ్లి, నీలాన్ని పూర్తిగా తీసేసి ఆకుపచ్చనే ఎక్కువగా తీసుకుని నలుపు తెలుపు చేశాక ముక్కు, పెదవుల ఆకారం కొంత తిరిగి వచ్చింది, రేణువులతో సహా. ఆ సూచిక నాకు నేర్పినదేమిటంటే, వేదిక ముందు కెమెరా వెనుక తెర మీది మొత్తం హిస్టోగ్రామ్‌ను (ఏ స్థాయి వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫును) చూసి మోసపోకుండా, మూడు రంగుల హిస్టోగ్రామ్‌లను విడివిడిగా చూసుకోవడం.

రేణువులంటే నాయిస్. చీకటి ఫోటోను వెలిగించినప్పుడల్లా అది వెంటబడి వస్తుంది. సెన్సర్ మీద ఒక చోట 10,000 ఫోటాన్లు (వెలుగు కణాలు) పడితే సహజంగా ఉండే హెచ్చుతగ్గు దాదాపు 100, అంటే నూటికి ఒకటి; 100 ఫోటాన్లే పడితే హెచ్చుతగ్గు 10, అంటే పదికి ఒకటి. నీడలో కనిపించే గరుకుదనంలో అధికభాగం వెలుతురు చాలకపోవడం వల్ల వచ్చేదే తప్ప కెమెరా లోపం కాదు. డార్క్‌టేబుల్‌లోని ప్రొఫైల్డ్ డినాయిజ్ మాడ్యూల్‌లో ఒక్కో కెమెరాకు, ఒక్కో ఐఎస్ఓకు (కెమెరా వెలుగు సున్నితత్వపు అమరికకు) ఎంత నాయిస్ ఉంటుందో ముందే కొలిచి పెట్టిన లెక్కలు ఉంటాయి. మన ఫైలును చూసి అదే ఎంచుకుంటుంది. రంగు మచ్చలను, వెలుగులోని గరుకును విడదీసి వేర్వేరుగా అణచే వీలుంది. మొదటివాటిని గట్టిగా, రెండోదాన్ని మెత్తగా అణిస్తే చర్మం చర్మంలాగే ఉంటుంది. రెండింటినీ ఒకే మోతాదులో బాదితే మైనపు బొమ్మ చేతికి వస్తుంది. ఫలితాన్ని నూరు శాతం పరిమాణంలో చూసి నిర్ణయించుకోవడం కూడా అవసరమే, కుదించిన బొమ్మలో ఏదైనా బాగానే కనిపిస్తుంది.

ఈ రంగంలో డార్క్‌టేబుల్ ముందు వరసలో లేదని కూడా చెప్పాలి. డీఎక్స్ఓ డీప్‌ప్రైమ్, 2023లో అడోబీ లైట్‌రూమ్‌కు వచ్చిన డినాయిజ్ వంటి యంత్ర అభ్యసన (మెషీన్ లెర్నింగ్) పద్ధతులు చాలా ఎక్కువ ఐఎస్ఓల దగ్గర, వెంట్రుకల వంటి సన్నని వివరాల్లో స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి. నేను వాడుతున్న 4.8 కూర్పులో వాటికి సాటి వచ్చేది ఏదీ లేదు. రాత్రిపూట పెళ్లిళ్లో క్రీడలో తీసి, మర్నాటికి వందల ఫోటోలు అప్పగించవలసినవారికి ఈ ఒక్క కారణం చాలు, వేరేదాని వైపు చూడడానికి.

మిగతా ఇబ్బందులు మొదటి రోజునే ఎదురవుతాయి. మాడ్యూళ్ల సంఖ్య విపరీతం. ఒకే పనికి నాలుగు దారులు ఉంటాయి, వాటిలో రెండు పాతబడినవి, అయినా పాత ఫోటోలు తెరుచుకోవాలి కనుక వాటిని తీసేయలేదు. ఏది ముందు వాడాలో ఎవరూ చెప్పరు. ఎక్స్‌పోజర్, కలర్ కాలిబ్రేషన్, టోన్ ఈక్వలైజర్, సిగ్మాయిడ్, డినాయిజ్ ఈ అయిదింటినే పెట్టి నేను ఒక చిన్న జాబితా తయారు చేసుకున్నాను, చీకటి ఫోటోల్లో నూటికి తొంభై ఈ అయిదింటితోనే అయిపోతాయి. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో పదును పెంచే డిఫ్యూజ్ ఆర్ షార్పెన్ మాడ్యూల్‌ను నొక్కి, అది పూర్తయ్యేలోగా, టీ పెట్టుకుని రావచ్చు.

కొత్త కూర్పులు సాధారణంగా ఏడాదికి రెండు, ఒకటి జూన్‌లో, ఒకటి డిసెంబర్‌లో వస్తాయి. ఒకసారి కొత్త కూర్పుతో లైబ్రరీని తెరిస్తే అది డేటాబేస్‌ను తన పద్ధతికి మార్చుకుంటుంది, ఆ తర్వాత పాత కూర్పు దాన్ని తెరవలేదు. చేతిలో పని సగంలో ఉన్నప్పుడు కొత్తది ఎక్కించవద్దు. ఎక్కించేముందు డేటాబేస్‌ను, ఎక్స్ఎంపీ ఫైళ్లను వేరే డిస్కులోకి తీసి పెట్టుకోండి.